రెండో పేజీ అడుగున ఉన్న వాక్యం

గువ్వా,

కవరు నిన్న అందింది. నువ్వు అందులో పెట్టిన కరపత్రం నాకు తెలిసినదే. వెనక పేజీ అడుగున మా ప్రెస్సు పేరు చూసి పంపావన్నమాట. "నాన్నా, ఇది నువ్వు దిద్దిందే కదా. పుట్టేది మగపిల్లాడైతే సున్తీ చేయించాలా వద్దా అని హాస్పిటల్ వాళ్లు ఏడో నెలలోనే ఫారం నింపమంటున్నారు. మీ అల్లుడు చేయిద్దాం అంటున్నాడు. మా అత్తయ్య మీ ఇష్టం అంది. నువ్వేమంటావు?" అని చీటీ రాశావు.

ఫోనులో అడగొచ్చు కదా అనుకున్నాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. నువ్వు చదువుకి ఊరు వదిలినప్పటి నుంచీ ఫోనులో నేను నీతో మాట్లాడింది ఒక్కటే ముక్క. "ఇదిగో, మీ అమ్మకిస్తున్నా." మొన్న ఆదివారం నువ్వు చేసినప్పుడు కూడా ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. నీకు తెలిసినట్టుంది. అక్కడ వానలు పడుతున్నాయా అని అడిగావు.

అందుకని కాగితం మీద చెప్తాను. అంగం చివర కప్పి ఉండే చర్మాన్ని తీసేయడం, అంతే ఆ పని. కొందరు నమ్మకం కొద్దీ చేయిస్తారు, కొందరు ఇంట్లో అందరికీ చేశారు కదా అని. ఆరోగ్యానికి మంచిదనేవాళ్లూ ఉన్నారు. అందులో కొంత నిజముంది. మొదటి ఏడాదిలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి. అవి మగపిల్లలకి మామూలుగానే తక్కువ. పెద్దయ్యాక కొన్ని జబ్బులు అంటుకునే అవకాశం తగ్గుతుంది. చేయించకపోతే పిల్లాడికి లోటేమీ లేదు. ఆ చర్మాన్ని ఎవరూ బలవంతాన వెనక్కి లాగకుండా మామూలుగా స్నానం చేయిస్తే చాలు, ఏళ్ల మీద దానంతట అదే వదులవుతుంది. చేయించేటట్టయితే బిడ్డ నెలలు నిండి పుట్టి ఆరోగ్యంగా ఉండాలి. చెయ్యి తిరిగిన డాక్టరు చేయాలి. నొప్పి తెలియకుండా మందు ఇవ్వాలి. పసివాళ్లకి నొప్పి తెలియదనేది పాతకాలం మాట. తెలుస్తుంది. వారం పది రోజుల్లో మానుతుంది. తొందర మాత్రం లేదు. పుట్టిన వారంలోనే తేల్చుకోవాలని ఎక్కడా లేదు.

అల్లుడు కూడా పనిలోంచి ఫోను చేశాడు. పైన లిఫ్టు మోటారు గదిలో ఉన్నట్టున్నాడు, ఒకటే హోరు.

"మామయ్యా, నాకు చేశారు. నాకేమైంది? దుక్కలా ఉన్నా."

"ఉన్నావు."

"వాడు కూడా నాలాగే ఉండాలి కదా."

"ఆ ముక్కు ఒక్కటీ రాకుండా ఉంటే మిగతాది నీ ఇష్టం," అన్నాను.

పడీ పడీ నవ్వాడు. ఆ ముక్కు మాట మీ అమ్మది. నేను వాడుకున్నాను.

పైన రాసిందంతా కరపత్రంలో ఉన్నదే. అందులో నా మాట ఒక్కటీ లేదు. నా మాట వేరే ఉంది. అది రాయడానికి నాకు రెండు రోజులివ్వు. అంతవరకు ఫారం మీద సంతకం పెట్టకు. అల్లుణ్ణీ పెట్టనివ్వకు.

నాన్న


గువ్వా,

రెండు రోజులన్నాను, ఆరయ్యాయి. మూడుసార్లు రాసి చించాను. ఇది చించను.

నీకొక అన్న పుట్టాడని, ఐదు రోజులు బతికి కామెర్లతో పోయాడని నీకు చెప్పాం. ఐదు రోజులు నిజం. కామెర్లు నిజం కాదు. సున్తీ చేసిన చోట రక్తం ఆగక పోయాడు.

ఇది అర్థం కావాలంటే నా పని గురించి ఒక సంగతి చెప్పాలి. మందుల కాగితాలు, ఆసుపత్రి కరపత్రాలు వచ్చినప్పుడు ఆఖరి ప్రూఫును మేము మామూలుగా చదవం. కింది నుంచి పైకి చదువుతాం. ఆఖరి మాటతో మొదలుపెట్టి మొదటి మాట దాకా, ఒక్కొక్క మాటనీ విడిగా. నాకు పని నేర్పిన పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "అర్థం జోలికి పోకు బాబూ. అర్థంలో పడ్డావా, తప్పు నీ పక్కనుంచే నడిచి వెళ్లిపోతుంది," అనేవాడు. ఆయన చెప్పింది సరైనదే. ఆ పద్ధతిలో నేను వదిలిన తప్పులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ అన్న పుట్టడానికి నెల ముందు ఈ కరపత్రం మొదటి కూర్పు నా బల్ల మీదికి వచ్చింది. రెండో పేజీ అడుగున ఈ వాక్యం ఉంది. "కుటుంబంలో ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు గాని, పన్ను ఊడినప్పుడు గాని రక్తం త్వరగా ఆగని లక్షణం ఉంటే ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పండి." దాన్ని నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ 'చెప్పండి' నుంచి 'కుటుంబంలో' దాకా.

మీ అమ్మకి ఒక తమ్ముడు ఉండేవాడు. ఆరేళ్ల వయసులో పాలపన్ను ఊడి రెండు రోజులు రక్తం కారింది. ఏడాది తర్వాత గోడ మీంచి పడ్డాడు, మరి లేవలేదు. ఇంట్లో దాన్ని పడి పోయాడు అనే చెప్పుకున్నారు. మా పెళ్లయిన కొత్తలో మీ అమ్మ ఈ కథంతా నాకు చెప్పింది, దుప్పట్లు మడతపెడుతూ. ఆ పన్ను సంగతి నా తలలో ఉంది. ఆ వాక్యం నా బల్ల మీద ఉంది. రెండూ ఒకదాన్నొకటి చూసుకోలేదు.

వాడు పుట్టిన రెండో రోజు పొద్దున నర్సు వచ్చింది. "సార్, రేపు ఇంటికి పంపించేస్తాం, ఈలోగా ఆ పని కూడా అయిపోతుంది," అని ఫారం ఇచ్చింది. ఫారం వెనక ఆ కరపత్రమే అచ్చేసి ఉంది. ఆ ఆసుపత్రిలో అందరికీ చేసేవాళ్లు, ఎవరూ రెండోసారి అడిగేవాళ్లు కాదు. నేను జేబులోంచి కలం తీశాను. మీ అమ్మ మంచం మీంచే నవ్వింది. "చదవరా? ఎక్కడైనా కామా పోయిందేమో చూడండి," అంది. "ఇది నేను దిద్దిందేనోయ్," అన్నాను, గొప్పగా. సంతకం పెట్టేసి ప్రెస్సుకి వెళ్లిపోయాను.

సాయంత్రం కబురొచ్చింది. నేను వెళ్లేసరికి గుడ్డ మారుస్తున్నారు. మార్చిన ప్రతిదీ తడుస్తోంది. కుట్టు వేశారు. సూది దిగిన చోటు నుంచి కూడా కారింది. వాణ్ణి పెద్ద ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను, మీ అమ్మ ఇంకా నడవలేకపోతోంది. రక్తం ఎక్కించారు. ఐదో రోజు పొద్దున పదింటికి పోయాడు. నా వేలు పట్టుకుని ఉన్నాడు. ఎక్కువ రాయలేను.

అక్కడి డాక్టరమ్మ నన్ను నడవాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. "మీ ఇంట్లో మగపిల్లలకి ఎవరికైనా రక్తం ఆగకపోవడం ఉందా?" అని అడిగింది. "మా వైపు లేదండీ," అన్నాను. "ఆవిడ వైపు?" అంది. అప్పుడు ఆ వాక్యం నాకు మొదటిసారి మొదటి మాట నుంచి చివరి మాట దాకా వినపడింది. పన్ను సంగతి చెప్పాను. ఆవిడ తల ఊపింది. హీమోఫీలియా అని పేరు చెప్పింది. "ఇది తల్లి నుంచి కొడుక్కి వస్తుందండీ. తల్లికి బయటికి ఏమీ కనపడకపోవచ్చు. ఆవిడ తప్పు ఇందులో ఏమీ లేదు. కానీ ఆవిడకి తెలియాలి. రేపు ఆడపిల్ల పుడితే ఆ పిల్లకీ తెలియాలి. చెప్తారు కదా?" అంది. చెప్తానన్నాను.

తిరిగి వచ్చేసరికి మీ అమ్మ ఒళ్లో మడతపెట్టిన టవలుతో కూర్చుని ఉంది. జాకెట్టు పాలతో తడిసి ఉంది. నన్ను చూసి ఏదో అడగబోయింది. నేను అడగనివ్వలేదు. "కోసిన చోట ఇన్‌ఫెక్షన్ అయిందట. నేను సంతకం పెట్టకుండా ఉండాల్సింది," అన్నాను. నా లెక్క ఏమిటంటే, తప్పు లేదు అన్న మాట ఆమె చెవిన పడదు, నీ నుంచి వచ్చింది అన్న మాటే పడుతుంది. బిడ్డ పోయిన మనిషి మీద ఇది కూడా మోపలేకపోయాను. సంతకం నాది కాబట్టి ఆ బరువు నా దగ్గరే ఉండనీ అనుకున్నాను. బయటివాళ్లు అడిగితే కామెర్లు అన్నాం, ఆ పేరు చెబితే ఎవరూ రెండో ప్రశ్న అడగరు.

రెండేళ్లకి నువ్వు పుట్టావు. ఆడపిల్ల అనగానే నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, అంత నిశ్చింత. ఆ నిశ్చింతలో డాక్టరమ్మకి ఇచ్చిన మాట మర్చిపోయినట్టు నటించాను. పెద్దయ్యాక చెబుదాం. చదువయ్యాక చెబుదాం. పెళ్లప్పుడు ఎందుకులే. నువ్వు నెల తప్పిన కబురు వచ్చినప్పుడు ఇక తప్పదనుకున్నాను, అప్పటికి మీ అమ్మ మంచాన పడింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఆమె పక్కన కూర్చున్నాను. ఒకరోజు, "ఏమోయ్, నీకో మాట చెప్పాలి," అన్నాను. "ఆ ఫాను తగ్గించి చెప్పండి," అంది. లేచి తగ్గించాను. వచ్చేసరికి కళ్లు మూసుకుంది. లేపొచ్చు. లేపలేదు. నాలుగు రోజులకి ఆమె లేదు. ఐదు నెలలైంది.

ఇప్పుడు నువ్వు చేయవలసింది. రేపు పొద్దున్నే మీ డాక్టరు దగ్గరికి వెళ్లు. ఈ ఉత్తరం చూపించినా సరే. నీలో అది ఉందో లేదో చూసే పరీక్ష ఉంది. లెక్కల టీచరువి, అది నీకు వచ్చి ఉండే అవకాశం సగానికి సగం అంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. ఉందని తేలితే కాన్పు చేసేవాళ్లందరికీ ముందే తెలియాలి. బిడ్డ తలకి ఏ పరికరమూ పెట్టి లాగకూడదు. పుట్టగానే బొడ్డుతాడు రక్తంతో పరీక్ష చేయించొచ్చు. ఆ ఫలితం వచ్చేదాకా కోత గాని, అవసరం లేని సూది గాని వద్దు. పుట్టిన వెంటనే ఇచ్చే విటమిన్ సూది ఎలా ఇవ్వాలో కూడా ముందే అడిగి పెట్టుకో. ఇవి నేను ఈ ఆరు రోజుల్లో వెళ్లి డాక్టర్లని అడిగి రాసుకున్నవి.

నన్ను తిట్టు. మాట్లాడకపోయినా సరే. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు.

నాన్న


ఏమోయ్,

నీకు ఉత్తరం రాసి ముప్ఫై మూడేళ్లయింది. పెళ్లికి ముందు రాసిన రెండూ నువ్వు మా అత్తయ్యగారికి చదివి వినిపించావని తర్వాత తెలిసింది. అందుకే మానేశాను. ఇది ఎవరికి చదివి వినిపిస్తావో నీ ఇష్టం.

గువ్వకి అంతా రాసేశాను. రాశాక పంతొమ్మిది రోజులు దాని దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. అల్లుడు ఒక్కసారి ఫోను చేసి, "మామయ్యా, టెస్టుకిచ్చాం. అది మీతో మాట్లాడనంటోంది. నేను మాట్లాడినట్టు కూడా దానికి చెప్పకండి," అని పెట్టేశాడు. ఇరవయ్యో రోజు పొద్దున తలుపు తడితే తీశాను. ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆ పొట్టతో రైల్లో కూర్చుని వచ్చింది.

"టీ పెట్టనా?" అన్నాను.

"పెట్టకు. కూర్చో. ముందు తిట్టనీ."

కూర్చున్నాను.

"నేను బయట ఉంటా," అన్నాడు అల్లుడు.

"నువ్వూ కూర్చో. సాక్ష్యానికి."

పాపం, చెప్పులు చేతిలో పట్టుకునే కూర్చున్నాడు.

"ఉంది నాన్నా. నాలో ఉంది," అంది. "నువ్వు రాయకపోతే ఆ ఫారం మీద మేమిద్దరం సంతకం పెట్టేవాళ్లం. అది తెలుసా నీకు?"

"తెలుసు."

"ఇన్నేళ్లు అమ్మకి చెప్పలేదా?"

"తన వల్లే అనుకుంటుందని."

"అనుకోలేదనుకున్నావా?" అంది.

అప్పుడు చెప్పింది. దాని పెళ్లికి వారం ముందు నువ్వు దానికి జడ వేస్తూ ఆగి, "ఆ మధ్యాహ్నం నేను నిద్రపోకుండా ఉంటే మీ అన్న బతికేవాడు. మీ నాన్నకి చెప్పకు, సంతకం పెట్టానని ఆయన ఇప్పటికే కుమిలిపోతున్నాడు, ఇదొకటి ఎందుకు," అన్నావట. కామెర్లకీ నిద్రకీ ఏం సంబంధమో దానికి అర్థం కాలేదట. నీ మొహం చూసి అడగలేకపోయిందట. నా ఉత్తరం చదివాక అర్థమైంది. నువ్వు వాణ్ణి పక్కలో వేసుకుని రెండు గంటలు నిద్రపోయావు. లేచేసరికి గుడ్డ తడిసి ఉంది. అంతే కదా?

అది చెప్పి గువ్వ ఏడ్చింది. అల్లుడు చెప్పులు కింద పెట్టి దాని వీపు మీద చెయ్యి వేశాడు. నేను వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను. వేరే ఏం చేయాలో తోచలేదు. నీళ్లు మరిగి మరిగి ఇగిరిపోతే మళ్లీ పోశాను.

ఏమోయ్, ఆ డాక్టరమ్మ ఆ రోజు బెంచీ మీద ఇంకో మాట కూడా అంది. గువ్వకి రాసినదాంట్లో అది లేదు, ముఖ్యమని నాకు అనిపించలేదు. లేచి వెళ్లబోతూ అంది. "పక్కన ఎవరు ఎంత మేలుకుని చూసినా ఆగే రక్తం కాదండీ ఇది. గంట ముందు తెచ్చినా దీన్ని ఆపే మందు నా దగ్గర లేదు. ఇంట్లో ఎవరినీ అననివ్వకండి." నేను తల ఊపి వచ్చేశాను. ఎవరు ఎవరిని అంటారు, మన ఇంట్లో అనుకున్నాను. నీకు చెప్పి ఉంటే నీ నుంచి వచ్చిందని ఒక రోజు ఏడ్చేదానివేమో, ఒక నెల ఏడ్చేదానివేమో. దానితో పాటు ఈ మాట కూడా నీకు అందేది. నీకు కావలసింది ఇదొక్కటే. బరువు నా దగ్గరే ఉంచుకున్నాననుకుని దీన్ని కూడా ఉంచేసుకున్నాను. నువ్వు ఆ తర్వాత ఎప్పుడూ పగలు పడుకోలేదు. జ్వరమొచ్చినా కుర్చీలోనే కూర్చునేదానివి. మనిషి తత్వం అంతే అనుకున్నాను. ముప్ఫై ఏళ్లు ఎదురుగా ఉండి చూడలేకపోయాను.

ఇక ఇక్కడి, గువ్వ వాళ్ల ఊరి సంగతులు. కాన్పుకి ముందే నేనూ వచ్చేశాను. బాబు పుట్టి పదకొండు రోజులైంది. కాన్పు మామూలుగానే అయింది. అందరికీ ముందే తెలుసు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. బొడ్డుతాడు రక్తం పరీక్షకి పంపారు. వాడికి ఉంది. ఫలితం వచ్చిన కాగితాన్ని నేను రెండుసార్లు చదివాను, పై నుంచి కిందికి. గువ్వ దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. "తెలుసు కదా నాన్నా, ఇప్పుడు ఏం చేయాలో చూద్దాం," అంది, నీ గొంతుతో.

ఇప్పుడు దానికి మందుందట. చర్మం కింద సూది. మొదట వారానికొకటి, నేర్చుకుంటే ఇంట్లోనే ఇవ్వొచ్చు. పరుగెడతాడు, బడికి వెళ్తాడు, మనం కాస్త చూసుకుంటూ ఉండాలి. నిన్న నర్సు స్పాంజి ముక్క మీద మాకు నేర్పింది. అల్లుడి చెయ్యి గడగడా వణికింది. నాది వణకలేదు. "తాతగారు గట్టివారే," అంది నర్సు. "నలభై ఏళ్లు ఎర్రకలం పట్టానమ్మా," అన్నాను. అల్లుడు కుళ్లుకున్నాడు. "లిఫ్టు తాళ్లు మార్చే చెయ్యి ఇది, స్పాంజికి భయపడుతోందేంటి!" అని తన చెయ్యి తనే తిట్టుకున్నాడు.

ఆ ఫారం మీద వద్దు అని రాసింది కూడా అతనే. మా వియ్యపురాలు, "నీకు చేశాంగా, వాడికెందుకు వద్దు?" అని మెల్లిగా అడిగింది. "అమ్మా, మా పనిలో చిన్న అనుమానం వచ్చినా లిఫ్టు ఆపేస్తాం. జనం మెట్లెక్కి వెళ్తారు. అంతకంటే నష్టమేం లేదు," అన్నాడు. ఆవిడ లేచి వెళ్లి వేడినీళ్లు తెచ్చి పెట్టింది. మంచి మనిషి. ముక్కు మాత్రం బాబుకి అచ్చం అల్లుడిదే వచ్చింది, ఏం చేస్తాం.

ఆ కరపత్రం ఇచ్చిన ఆసుపత్రి వాళ్లకి ఒక ఉత్తరం రాశాను, ఆ వాక్యాన్ని మొదటి పేజీ నెత్తి మీదికి తెమ్మని. చూస్తామన్నారు. ప్రతి వారం వెళ్లి అడుగుతున్నాను. నా పేరు చెబితేనే అక్కడి గుమాస్తా పక్క కుర్చీలోకి జరుగుతున్నాడట.

ఇప్పుడు మధ్యాహ్నం. వీళ్ల ముందు గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. బాబు పాలు తాగి తల్లి పక్కన సోలిపోయాడు. ఇందాక గువ్వ వాడి గుడ్డ చూసింది, మళ్లీ చూసింది, మూడోసారి చూడబోయి నా వైపు తిరిగింది.

"నాన్నా, కళ్లు మూతలు పడుతున్నాయి. కాసేపు పడుకోనా?"

"పడుకో అమ్మా."

"నువ్వు చూస్తూ ఉంటావా?"

"ఉంటాను. ఉండకపోయినా పడుకో. నిద్రపోవడం తప్పు కాదు."

అది వెంటనే నిద్రపోయింది, నోరు కొంచెం తెరిచి. ఇద్దరూ ఒకే రకంగా ఊపిరి తీస్తున్నారు.

నీ తప్పేమీ లేదోయ్. నువ్వు కూడా పడుకో.

నీ ఏమండీ